పక్క కుర్చీ చదువు

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నాకు అరగంట సమయం ఇచ్చారు. డి.ఏ. బకాయిల గురించీ, వైద్య సదుపాయాల గురించీ నాకంటే బాగా చెప్పగలవారు ఇక్కడ ఉన్నారు. కనుక ఆ జోలికి పోను. నేను చెప్పదలచుకున్నది పని నేర్చుకోవడం గురించి. మనం ఆఫీసులో పని ఎలా నేర్చుకున్నాం, మనకు యంత్రాలు అమ్మడానికి వచ్చిన ఇంజినీర్లు మన దగ్గర ఏం నేర్చుకున్నారు, ఆ నేర్చుకునే పద్ధతి ఇప్పుడు ఏమవుతోంది - ఈ మూడే సంగతులు.

ఈ విషయం ఎంచుకోవడానికి కారణం ఉంది. మన ఇళ్ళల్లో పిల్లలు ఇప్పుడు రకరకాల పేర్లున్న ఉద్యోగాలు చేస్తున్నారు. మనవడో మనవరాలో వచ్చి "తాతయ్యా, నాకు సేల్స్ ఇంజినీరుగా ఉద్యోగం వచ్చింది" అంటే మనలో చాలామంది మొహం చిన్నబుచ్చుకుంటున్నాం. "ఇంత చదువు చదివి సరుకు అమ్ముకోవడమా?" అని లోలోపల అనుకుంటున్నాం. కొందరు పైకే అనేస్తున్నారు. అది సబబు కాదని చెప్పడానికే నిలబడ్డాను. సేల్స్ ఇంజినీరు అంటే సంచి భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగేవాడు కాదు. యంత్రం ఏమేం చేయగలదో తెలిసిన మనిషి. కొనేవాడికి ఏ పని ఉందో తెలుసుకోవలసిన మనిషి. ఈ రెండింటికీ పొత్తు కుదురుతుందో లేదో ముందుగా చెప్పవలసిన మనిషి. కుదరకపోతే "కుదరదండీ" అని కూడా చెప్పవలసిన మనిషి. ఆ చివరి మాట చెప్పగలవాడు అరుదు. అలాంటివాళ్ళను మనం మన సర్వీసులో చూశాం.

మనం నేర్చుకున్న తీరు

మొదట మన సంగతి చూసుకుందాం. 1970 దశకంలో ఎల్.డి.సి.గా చేరినవాళ్ళం ఇక్కడ చాలామంది ఉన్నాం. చేరిన రోజున మనకు ఎవరైనా పాఠం చెప్పారా? లేదు. ఒక కుర్చీ చూపించారు. పక్క కుర్చీలో ఒక సీనియర్ గారు ఉన్నారు. "తపాలు నంబరు వెయ్యి బాబూ" అన్నారు. వేశాం. నాలుగు రోజులకు డిస్ట్రిబ్యూషన్ రిజిస్టరు, నెలకు పర్సనల్ రిజిస్టరు చేతికొచ్చాయి. డిస్ట్రిక్ట్ ఆఫీస్ మాన్యువల్ అనే పుస్తకం బీరువాలో ఉండేది. దాన్ని తెరిచింది పని వచ్చాకే గాని పని రావడానికి కాదు. ఏది ఆర్.డిస్., ఏది డి.డిస్., ఏది ఎల్.డిస్. అన్నది పుస్తకంలో నాలుగు వాక్యాల్లో ఉంటుంది. కానీ ఫలానా కాగితం పదేళ్ళ తర్వాత ఎవరికి అవసరం పడుతుందో ఊహించి మూయడం మాత్రం పక్క కుర్చీ ఆయన నేర్పిందే.

పక్క కుర్చీ ఒక్కటే ఉంటే చాలదు. మన ఆఫీసు పద్ధతిలో ఇంకో గొప్ప ఏర్పాటు ఉండేది. మనం దాన్ని ఏనాడూ గొప్పదని అనుకోలేదు. అదే డ్రాఫ్టు. గుమాస్తా డ్రాఫ్టు పెడతాడు. సూపరింటెండెంటు గారు ఎర్ర సిరాతో కొట్టేస్తారు, దిద్దుతారు. ఆఫీసరు గారు ఒప్పుకుంటారు. అప్పుడు ఫెయిర్ కాపీ. కొత్త కుర్రాడు రాసింది ఎంత అధ్వాన్నంగా ఉన్నా అది ఆఫీసు గుమ్మం దాటదు. అతను చేస్తున్నది నిజం పనే, ఆటబొమ్మ పని కాదు. కానీ దానివల్ల బయటివాడికి నష్టం లేదు. ఎర్ర సిరా దిద్దుబాటు చూసుకుని మర్నాటి డ్రాఫ్టు కాస్త మెరుగ్గా పెడతాడు. ఆరు నెలలకు ఎర్ర సిరా తగ్గుతుంది. రెండేళ్ళకు ఆయన సంతకం ఒక్కటే మిగులుతుంది.

కనుక చేస్తూ నేర్చుకోవాలంటే మూడు కావాలి. ఒకటి, చేతిలో నిజమైన పని. రెండు, పక్కన తెలిసిన మనిషి. మూడు, తప్పితే దిద్దుకునే చోటు, అంటే డ్రాఫ్టు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ చదువు కుంటుతుంది. ఈ మూడూ గుర్తుంచుకోండి. మిగతా ప్రసంగమంతా వీటి చుట్టూనే తిరుగుతుంది.

చేయగా చేయగా పని సులువవుతుందని మన పెద్దలకు ఎప్పుడో తెలుసు. దాన్ని లెక్క కట్టి చూపినవాళ్ళు కూడా ఉన్నారు. అమెరికాలో టి.పి. రైట్ అనే ఇంజినీరు 1936లో విమానాల తయారీ లెక్కలు తీశాడు. మొత్తం తయారైన విమానాల సంఖ్య రెట్టింపైనప్పుడల్లా ఒక్కో విమానానికి పట్టే శ్రమ సుమారు 20 శాతం తగ్గుతోందని చూపించాడు. ఆ తర్వాత 1962లో కెన్నెత్ ఆరో అనే అర్థశాస్త్రవేత్త "చేస్తూ నేర్చుకోవడం" అనే విషయం మీదనే ఒక ప్రసిద్ధ వ్యాసం రాశాడు. ఆయనకు తర్వాత నోబెల్ బహుమతి కూడా వచ్చింది. మన గుమాస్తాల అనుభవానికి శాస్త్రం ముద్ర వేసిందన్నమాట.

ఇద్దరు ఇంజినీర్లు

ఇప్పుడు యంత్రాల సంగతికి వస్తాను. టైపు మిషన్లు, స్టెన్సిల్ కోసి తిప్పే సైక్లోస్టైల్ మిషన్లు మనకు ఎరుకే. చేతులకు సిరా అంటకుండా సైక్లోస్టైల్ తిప్పినవాడు ఇక్కడ ఎవరూ ఉండరు. తర్వాత జెరాక్స్ వచ్చింది, ఫ్యాక్స్ వచ్చింది. వీటన్నిటికీ కంపెనీ మనిషి వచ్చి ఒక పూట చూపిస్తే సరిపోయేది. ఎందుకంటే అవి మన పనిని మార్చలేదు, వేగం పెంచాయి. కంప్యూటరు అలాంటిది కాదు. అది మన రిజిస్టర్లనే తనలోకి తీసుకుంటానంది. అక్కడే సేల్స్ ఇంజినీరు అవసరం అసలుగా తెలిసివచ్చింది.

1990 దశకం మధ్యలో మా జిల్లా కార్యాలయానికి జీతాల బిల్లుల కోసం కంప్యూటరు కొనాలన్నారు. మొదట ఒక కంపెనీ నుంచి ఇంజినీరు గారొచ్చారు. కంపెనీ పేరు మనకు అవసరం లేదు. చక్కని మనిషి, చక్కని ఇంగ్లీషు. ఆఫీసరు గారి గదిలో ప్రదర్శన. పదిమంది ఉద్యోగుల పేర్లు తెర మీద, మీట నొక్కగానే పదిమంది జీతాలు. అందరం చప్పట్లు కొట్టాం. ఆ పదిమందీ ఎలాంటివాళ్ళంటే, నెలంతా పనిచేసినవాళ్ళు. ఒక్కరికీ సగం జీతం సెలవు లేదు. ఒక్కరికీ పండగ అడ్వాన్సు లేదు. ఒక్కరూ జి.పి.ఎఫ్.లో అప్పు తీయలేదు. బదిలీ లేదు, సస్పెన్షను లేదు, ఎరియర్సు లేవు. అలాంటి ఉద్యోగులున్న ఆఫీసు ఈ భూప్రపంచంలో ఎక్కడుందండీ?

యంత్రం కొన్నారు. దానికి ఒక ప్రత్యేక గది, ఏసీ, గది బయట చెప్పులు విడవాలన్న బోర్డు, గదికి తాళం. తాళంచెవి ఒకరి దగ్గర. మూడు రోజుల శిక్షణ ఊళ్ళో ఒక హోటల్లో జరిగింది. భోజనం బాగుంది. మీట ఏది, తెర ఏది అని చెప్పారు. తిరిగొచ్చాక బిల్లు కట్టబోతే సగం జీతం సెలవు దగ్గర ఆగింది. 1993 పే రివిజన్లో పాత స్కేలులోనే మరికొంతకాలం ఉంటామని ఆప్షన్ ఇచ్చినవాళ్ళ దగ్గర మళ్ళీ ఆగింది. ఇంజినీరు గారికి కబురు పెడితే ఆయన వేరే జిల్లాలో ఇంకో అమ్మకంలో ఉన్నారు. మూడో నెల నుంచి ఆ యంత్రం మీద ప్లాస్టిక్ ముసుగు, ముసుగు మీద దుమ్ము. మేము మళ్ళీ 47వ నంబరు ఫారం ముందేసుకుని చేత్తో బిల్లులు రాసుకున్నాం.

ఇందులో ఆ ఇంజినీరు గారిని తిట్టి లాభం లేదు. ఆయనకు నెలాఖరుకు ఇన్ని అమ్మాలని లెక్క ఉంది. మా సెక్షనులోకి వచ్చి కూర్చోమని ఆయనకు ఎవరూ చెప్పలేదు. వచ్చి కూర్చుంటే ఆ రోజు జీతం ఏ ఖాతాలో రాయాలో ఆయన కంపెనీకి తెలియదు. ఈ మాట గుర్తుంచుకోండి, తర్వాత మళ్ళీ వస్తాను.

ఏడాదిన్నర తర్వాత మరో కంపెనీ తరఫున ఇంకో కుర్రాడు వచ్చాడు. ఇరవై ఆరేళ్ళుంటాయేమో. ఆఫీసరు గారికి నమస్కారం పెట్టి, ప్రదర్శన ఊసెత్తకుండా, "సార్, ముందు బిల్లులు రాసే సెక్షనులో మూడు రోజులు కూర్చుంటాను" అన్నాడట. మా సూపరింటెండెంటు గారు అతన్ని తీసుకొచ్చి నా పక్కన కుర్చీ వేయించారు. "మీరు రాస్తూ ఉండండి మాస్టారూ, నేను చూస్తూ ఉంటాను. మధ్యలో ఏదైనా అడిగితే విసుక్కోవద్దు" అన్నాడు. ఏమీ తెలియనట్టు అడిగేవాడు. "ఈ రిమార్కుల కాలమ్‌లో ఇన్ని రాస్తున్నారేమిటి? అసలు కాలమ్‌లు ఖాళీగా ఉన్నాయేమిటి?" అన్నాడు. అసలు పనంతా రిమార్కుల కాలమ్‌లోనే ఉంటుందని అతనికి అప్పుడు తెలిసింది.

రెండో రోజు ఒక ప్రశ్న వేశాడు. "మాస్టారూ, బిల్లు మొదలుపెట్టే ముందు మీరు పోయిన నెల బిల్లు తీసి ముందు పెట్టుకుంటున్నారు. ఎందుకు?" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఏ గుమాస్తా అయినా అంతే కదా. నూరుమంది ఉద్యోగుల్లో ఎనభై తొంభైమందికి ఈ నెల బిల్లు పోయిన నెల బిల్లే. మారేది కొందరికి. ఇంక్రిమెంటు వచ్చినవాడు, బదిలీ మీద ఎల్.పి.సి. తెచ్చుకున్నవాడు, పండగ అడ్వాన్సు పదో వాయిదా అయిపోయినవాడు. ఆ మార్పులు పట్టుకుంటే బిల్లు పట్టుకున్నట్టే. ఇది ఏ రూలు పుస్తకంలోనూ లేదు. నేను ఎవరికీ చెప్పనూ లేదు. చేతికి తెలుసు, నోటికి తెలియదు. అతను చూశాడు కాబట్టి అడిగాడు, అడిగాడు కాబట్టి నేను చెప్పాను.

అతను తెచ్చిన ప్రోగ్రాము అలాగే తయారైంది. మొదలుపెట్టగానే పోయిన నెల బిల్లు తెర మీదికి వస్తుంది. మార్పులు మాత్రం మనం చేర్చాలి. చివర ఎవరెవరికి ఎంత తేడా వచ్చిందో ఒక జాబితా ఇస్తుంది. సూపరింటెండెంటు గారు ఆ జాబితా ఒక్కటే చూసుకుంటే చాలు.

ఇంకో సంగతి. మా ఆఫీసరు గారికి లేజర్ ప్రింటరు మీద మనసైంది. చప్పుడు చేయదు, అక్షరాలు ముత్యాల్లా వస్తాయి, ధర కూడా ఎక్కువ. అమ్మితే ఆ కుర్రాడి కంపెనీకే లాభం. అతను వద్దన్నాడు. "సార్, మీకు బిల్లు కార్బన్‌తో మూడు నాలుగు ప్రతులు కావాలి. లేజర్ కాగితాన్ని కొట్టదు, కార్బన్ పడదు. ప్రతిసారీ విడిగా తీయాలి, ఖర్చు. మీకు సూదులతో కొట్టే డాట్ మాట్రిక్స్ ప్రింటరే మేలు, వెడల్పుది తీసుకోండి" అన్నాడు. ఆ ఒక్క మాటతో మా ఆఫీసంతా అతన్ని నమ్మింది. అమ్మడానికి వచ్చినవాడు "ఇది మీకు వద్దు" అన్నాడంటే, "ఇది కావాలి" అన్నప్పుడు నిజమే చెబుతున్నాడని కదా అర్థం.

అతను పెట్టిన షరతులు రెండే. యంత్రాన్ని తాళం గదిలో కాదు, సెక్షనులోనే పెట్టాలి. రెండు నెలలు చేత్తో బిల్లు, యంత్రంతో బిల్లు రెండూ కట్టి పైసాతో సహా సరిచూడాలి. చేత్తో కట్టిందే ట్రెజరీకి వెళ్ళాలి. ఆలోచించండి, ఇది మన డ్రాఫ్టు పద్ధతే. యంత్రం పెట్టింది డ్రాఫ్టు, మన చేతి బిల్లు ఎర్ర సిరా. మొదటి నెల తొమ్మిది చోట్ల తేడా వచ్చింది. రెండో నెల ఒక్కచోట వచ్చింది. మూడో నెల చేతి బిల్లు మానేశాం.

కంప్యూటరు వస్తే తన ఉద్యోగం పోతుందని భయపడ్డ మా టైపిస్టు అమ్మగారే ఆఖరికి అందరికంటే బాగా ఆ యంత్రాన్ని నడిపారు. వేళ్ళ అలవాటు ఆవిడకు ముందే ఉంది. తాళం లేని చోట యంత్రం ఉండటం, తప్పు నొక్కినా ఎవరూ కసరకపోవడం, ఈ రెండూ తోడయ్యాయి. ఆ కసరకపోవడం అనేది మా సూపరింటెండెంటు గారి పుణ్యం. ఆఫీసు వాతావరణం అని పెద్ద మాట వాడతారు గాని, నా అనుభవంలో దాని అర్థం చాలా చిన్నది. కొత్తవాడు ఒక ప్రశ్న రెండోసారి అడిగినప్పుడు పక్కవాడి మొహం ఎలా ఉంటుందన్నదే ఆఫీసు వాతావరణం.

పక్క కుర్చీకి ధర కట్టిన కథ

ఈ సంగతి మన జిల్లాకో మన రాష్ట్రానికో పరిమితం కాదు. అమెరికాలో నగదు రిజిస్టర్లు తయారు చేసే ఎన్.సి.ఆర్. కంపెనీ అధిపతి జాన్ ప్యాటర్సన్ 19వ శతాబ్దం చివర్లోనే అమ్మకందారులకు ఒక బడి పెట్టించాడు. అక్కడ పనిచేసి వచ్చిన థామస్ వాట్సన్ 1914లో ఇంకో కంపెనీలో చేరాడు. అదే 1924లో ఐ.బి.ఎం. అయింది. ఐ.బి.ఎం.లో అమ్మకందారుతో పాటు సిస్టమ్స్ ఇంజినీరు అనే మనిషి కూడా ఖాతాదారు ఆఫీసుకు వెళ్ళేవాడు. యంత్రం అద్దెలోనే అతని సేవ కూడా కలిసి ఉండేది. విడిగా బిల్లు లేదు. కొత్తగా చేరిన ఇంజినీర్లను ఖాతాదారు ఆఫీసుకు సీనియర్ల వెంట పంపేవారు. జట్టులో ఒకడుగా కూర్చుని, చూసి, చేసి నేర్చుకునేవారు. అచ్చం మన పక్క కుర్చీ చదువే.

1969 జూన్ 23న ఐ.బి.ఎం. ఒక ప్రకటన చేసింది. ఇకనుంచి యంత్రానికి వేరు, చాలావరకు ప్రోగ్రాములకు వేరు, ఇంజినీరు సేవకు వేరు, శిక్షణకు వేరు ధర అంది. దానివల్ల సాఫ్ట్‌వేర్ అనేది విడిగా ఒక వ్యాపారంగా ఎదిగింది. మన పిల్లలు ఇవాళ తింటున్న అన్నంలో ఆ నిర్ణయం పాలు కూడా ఉంది. కాని ఒక చిక్కు వచ్చిపడింది. ఇంజినీరు గంటకు ధర కట్టాక, పక్కన కూర్చుని నేర్చుకునే కొత్తవాడి గంట ఎవరి ఖాతాలో రాయాలి? ఖాతాదారు "నేర్చుకునేవాడికి నేనెందుకు ఇవ్వాలి?" అంటాడు. అందుకు సమాధానం దొరకలేదు. కొత్తవాళ్ళను ఖాతాదారు ఆఫీసుకు పంపి నేర్పించే పద్ధతి దెబ్బతింది.

దానికి విరుగుడుగా కంపెనీ ఒక ఏర్పాటు చేసింది. బ్రాంచి ఆఫీసుల్లో ఉన్న ఇంజినీర్లు దూరంగా ఉన్న పెద్ద యంత్రాల మీద టెలిఫోను తీగల ద్వారా స్వయంగా సాధన చేసుకోవచ్చు. దానికి "హోన్" అని పేరు. ఆ పేరులోనే "చేత్తో చేసి చూడటం" అన్న అర్థం ఉంది. మంచి ఆలోచనే. కాని కొన్నేళ్ళకు ఆ యంత్రాల మీద అమ్మకాలకు పనికొచ్చే ప్రోగ్రాములు పెరిగిపోయాయి. ఏ యంత్రానికి ఏ భాగాలు కలిపి ఆర్డరు రాయాలో చెప్పే ప్రోగ్రాములవి. చివరకు సాధన మూలన పడింది, అమ్మకం మిగిలింది. మా మొదటి ఇంజినీరు గారి రోజు జీతం ఏ ఖాతాలో రాయాలో తెలియదన్నానే, అది ఈ కథే. పక్క కుర్చీకి ధర కట్టిన రోజున మొదట పోయేది ఆ కుర్చీయే.

ఇంకో కథ దీనికి ఎదురుగా నిలుస్తుంది. జూలియన్ ఆర్ అనే ఆయన జెరాక్స్ కంపెనీలో మెషిన్లు బాగుచేసే టెక్నీషియన్ల వెంట తిరిగి వాళ్ళు ఎలా పనిచేస్తారో చూశాడు. 1996లో పుస్తకం రాశాడు. కంపెనీ వాళ్ళకు లావుపాటి మాన్యువల్ ఇచ్చింది. ఈ నంబరు వస్తే ఈ భాగం మార్చు అని అందులో ఉంటుంది. కాని మొండి మిషన్లను వాళ్ళు మాన్యువల్‌తో బాగుచేయలేదు. టిఫిన్ దగ్గరా, కాఫీ దగ్గరా ఒకరికొకరు చెప్పుకున్న కథలతో బాగుచేశారు. పైవాళ్ళు చూస్తే వాళ్ళు కబుర్లు చెప్పుకుంటూ కాలక్షేపం చేస్తున్నట్టే ఉంటుంది. నిజానికి అదే వాళ్ళ బడి. తర్వాత ఆ కంపెనీయే టెక్నీషియన్ల చిట్కాలను వాళ్ళ పేర్లతో ఒకచోట చేర్చే ఏర్పాటు చేసింది. దాని పేరు యురేకా. మన క్యాంటీనులో నాలుగు గంటల టీ దగ్గర ఎన్ని ఆడిట్ అభ్యంతరాలకు జవాబులు దొరికాయో మీకు వేరే చెప్పాలా?

మన దగ్గర కూడా పెద్ద ఎత్తున జరిగిన మంచి పని ఒకటి ఉంది. 1998 నవంబరు 4న ఉమ్మడి రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ శాఖ రెండు వందలకు పైగా సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాల్లో కార్డ్ అనే కంప్యూటర్ పద్ధతి ప్రారంభించింది. అంతకుముందు ఇ.సి. కావాలంటే ఏళ్ళ తరబడి ఇండెక్సు పుస్తకాలు తిరగేయాలి. రోజులు పట్టేది. అది కొద్ది నిమిషాల పనైంది. అందులో నాకు నచ్చినది ఏమిటంటే, శాఖ గుమాస్తాలకే శిక్షణ ఇచ్చి వాళ్ళ చేతనే నడిపించారు. దస్తావేజు తెలిసినవాడికి కంప్యూటరు నేర్పడం సులువు. కంప్యూటరు తెలిసినవాడికి దస్తావేజు నేర్పడం అంత సులువు కాదు.

ఒక జాగ్రత్త

చేస్తూ నేర్చుకోవడమే గొప్ప, చదువూ శిక్షణా దండగ అని నేను అనడం లేదు. చేస్తూ చేస్తూ తప్పును కూడా నేర్చుకోవచ్చు. ముప్ఫై ఏళ్ళు ఒకే తప్పు చేసి "ఇది మా ఆఫీసు ఆనవాయితీ" అన్నవాళ్ళను చూశాం. పైగా మన పని జనంతో కూడినది. ఒక వితంతువు ఫ్యామిలీ పెన్షన్ ఫైలు కొత్త కుర్రాడికి ప్రయోగశాల కాకూడదు. అందుకే మొదట్లో మూడూ కావాలన్నాను. పని ఉండి పక్కన మనిషి లేకపోతే అది నేర్చుకోవడం కాదు, గాలిలో దీపం. మనిషి ఉండి డ్రాఫ్టు లేకపోతే నష్టం జనానికి.

ఇవాళ నన్ను బాధపెట్టేది ఇదే. ఖాళీలు నిండక ఒక మనిషి మూడు సీట్లు చూసుకునే ఆఫీసులు కనిపిస్తున్నాయి. కొత్తగా చేరినవాడికి లాగిన్ ఇస్తున్నారు, పాస్‌వర్డ్ ఇస్తున్నారు. పక్క కుర్చీ మాత్రం ఖాళీ. పక్కన ఎవరున్నా వాళ్ళ పనే వాళ్ళకు తెమలదు. నొక్కగానే ఆర్డరు వెళ్ళిపోతుంది, ఎర్ర సిరాకు చోటు లేదు. అప్పుడు ఆ కుర్రాడు నేర్చుకునేది ఒక్కటే, భయపడటం. భయపడ్డవాడు ఫైలు కదపడు. కౌంటరు దగ్గర మనం ఎదుర్కొనే జాప్యంలో కొంత ఇలా పుట్టిందే. అవతలివాడిని విసుక్కునే ముందు అతని పక్క కుర్చీ ఖాళీగా ఉందేమో ఒకసారి చూడండి.

చేయదగ్గ పనులు

ఇక మనం ఏం చేయాలి? మూడు మాటలు చెప్పి ముగిస్తాను.

మొదటిది మన ఇళ్ళల్లోని సేల్స్ ఇంజినీర్లకు. బాబూ, అమ్మా, మీరు అమ్మబోయే చోట పెద్దవారి గదిలో ప్రదర్శన అయ్యాక, పని చేసే మనిషి పక్కన ఒక రోజైనా కూర్చోండి. రిమార్కుల కాలమ్ చూడండి. వాళ్ళకు పనికిరానిది పనికిరాదని చెప్పండి. ఆ నెల లెక్కలో ఒక అంకె తగ్గవచ్చు. మీ మాటకు విలువ మాత్రం సర్వీసంతా నిలుస్తుంది. మీరు పైస్థాయికి వెళ్ళాక మీ కింద చేరిన కొత్తవాళ్ళను వెంట తీసుకెళ్ళండి. వాళ్ళ గంటకు బిల్లు రాకపోయినా సరే.

రెండోది మన కుటుంబ సభ్యులకు. 2014 నవంబరు 10న జీవన్ ప్రమాణ్ అనే డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్ ప్రారంభమైంది. 2021 నుంచి ఫోనులో మొహం చూపించి కూడా ఇవ్వడానికి వీలు కలిగింది. మంచిదే, మోకాళ్ళ నొప్పులవాళ్ళకు మరీ మంచిది. కాని ఇంట్లో జరుగుతున్నదేమిటి? "ఇటివ్వు తాతయ్యా, నేను చేస్తా" అని ఫోను లాక్కుని అర నిమిషంలో చేసి ఇచ్చేస్తున్నారు. ప్రేమతోనే. కాని వచ్చే ఏడు మళ్ళీ మీరే రావాలి. మీరు అమెరికాలో ఉంటే? ఫోను మా చేతిలోనే ఉంచి పక్కన కూర్చోండి. రెండోసారి అడిగితే విసుక్కోకండి. పది నిమిషాలు పడుతుంది, పట్టనివ్వండి. అయితే ఓ.టి.పి. విషయంలో మాత్రం తెలియనివాళ్ళకు చెప్పకూడదని మొదటే గట్టిగా చెప్పండి. అక్కడ తప్పితే దిద్దుకునే డ్రాఫ్టు ఉండదు.

మూడోది మన సంఘానికి. నెలకు ఒక పూట మన కార్యాలయంలో నాలుగు జతల కుర్చీలు వేద్దాం. ఒక కుర్చీలో నేర్చుకునేవారు, పక్క కుర్చీలో తెలిసినవారు. ఉపన్యాసం వద్దు, బోర్డు వద్దు. ఫోను ఎవరిదో వారి చేతిలోనే ఉండాలి. అలాగే పెన్షన్ ఫిక్సేషన్, సర్వీసు రిజిస్టరు సరిచూడటం, ఫ్యామిలీ పెన్షన్ కాగితాలు కూర్చడం తెలిసిన మన మిత్రులు కొందరే మిగిలారు. వాళ్ళ పక్కన కొత్తగా రిటైరైన ఇద్దరిద్దరిని కూర్చోబెడదాం. నిజమైన కేసులే తీసుకుందాం. కొత్తవారు డ్రాఫ్టు పెడతారు, పాతవారు ఎర్ర సిరా వాడతారు, ఆ తర్వాతే అర్జీ బయటకు వెళుతుంది. ఆ నేర్పు మనతోపాటు వెళ్ళిపోకూడదు. ఈ ప్రతిపాదనను కార్యవర్గం పరిశీలించాలని కోరుతున్నాను. మొదటి నెల రెండు కుర్చీలు వేయించే బాధ్యత నాది.